పాస్‌పోర్టు ఒకరిది... పాసుపుస్తకం ఇంటిల్లిపాదిదీ

పిల్లలను పై చదువులకు విదేశాలకు పంపాలా, వద్దా? కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లలో ఈ ప్రశ్నకు సగం జవాబే మార్కుల మెమోలో దొరుకుతుంది. మిగతా సగం బీరువాలోని పట్టాదారు పాసుపుస్తకంలో ఉంటుంది. గల్ఫ్‌కు పోయేవాడిని నిలబెట్టి లెక్కలు అడిగిన ఊళ్లు, అమెరికా చదువు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మొహమాటపడుతున్నాయి?

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్... ఈ ఊళ్లకు విదేశం కొత్త సంగతి కాదు. 1970ల్లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు జోరందుకున్నాక ఇక్కడి మేస్త్రీలు, కూలీలు, డ్రైవర్లు బొంబాయి మీదుగా దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టారు. కరువు, ఎండిన బావులు, మూలపడ్డ మగ్గాలు వాళ్లను ఊరు దాటించాయి. మగవాళ్లు అక్కడ చెమటోడిస్తే ఆడవాళ్లు ఇక్కడ బీడీలు చుట్టి ఇల్లు నడిపారు. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలే ఇవాళ బీటెక్ చేసి డల్లాస్‌కో, డబ్లిన్‌కో పోతామంటున్నారు. తండ్రి పాస్‌పోర్టు మీద సౌదీ ముద్ర, కొడుకు పాస్‌పోర్టు మీద అమెరికా వీసా. ఈ రెండూ ఒకే బీరువాలో దొరికే ప్రాంతం ఇది.

గల్ఫ్‌కు పోయేవాడిని ఒకప్పుడు ఊరంతా ఆరా తీసేది. కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా? కఫీల్, అంటే అక్కడి యజమాని, ఎవరు? తిండి, రూము కంపెనీదేనా? ఏజెంటుకు ఎంత కట్టినవ్? ఎన్ని నెలల్ల అప్పు తేలుతది? వీసా గడువు దాటి ‘కల్లివల్లి’ అయిపోయి, క్షమాభిక్ష ఎప్పుడిస్తారా అని ఎదురుచూసినవాళ్ల కథలు ప్రతి వాడకట్టులో ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్నలు వాటంతటవే వచ్చేవి.

యూనివర్సిటీ పేరు చెప్పగానే ఈ ఆరా ఆగిపోతుంది. “పిల్లగాడు సదువుకుంటనంటే వద్దంటమా?” అన్న ఒక్క మాటతో సంతకాలు అయిపోతాయి. ఏజెంటుకు కట్టే లక్షా రెండు లక్షల గురించి వంద ప్రశ్నలు అడిగిన ఇల్లు, దానికి ఇరవై రెట్ల అప్పును ఒక్క ప్రశ్న లేకుండా నెత్తికెత్తుకుంటోంది.

నలభై లక్షల లెక్క

అమెరికాలో మధ్యస్థాయి ప్రభుత్వ యూనివర్సిటీలో రెండేళ్ల ఎంఎస్‌కు ఫీజు, అద్దె, తిండి, బీమా అన్నీ కలిపితే ఇవాళ్టి రేటున సుమారు 40 నుంచి 60 లక్షల రూపాయలు అవుతుంది. 2014లో డాలరుకు 60 రూపాయలు, ఆ పైన కాస్త. 2025 డిసెంబరులో అది 90 దాటింది. 30 వేల డాలర్ల ఫీజు అప్పట్లో 18 లక్షలు, ఇప్పుడు 27 లక్షలు. యూనివర్సిటీ ఒక్క డాలరు పెంచకపోయినా మన అప్పు ఒకటిన్నర రెట్లయింది.

ఊహకు ఒక ఇల్లు తీసుకుందాం. మెట్‌పల్లి పక్క ఊరు. మూడెకరాల్లో పసుపు, మక్క, వరి. పెద్దాయన మస్కట్‌లో ఏళ్ల తరబడి చేసి, ఆ డబ్బుతో పట్నంలో చిన్న ఇల్లు కట్టాడు. కొడుక్కి అమెరికాలో సీటొచ్చింది. పూచీ లేకుండా ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఇచ్చేది ఏడున్నర లక్షల దాకానే. పేరున్న సంస్థల్లో సీటు వస్తే ఆ పరిమితి పెరుగుతుంది గానీ అందరికీ కాదు. పొలం పెడతానంటే చాలా బ్యాంకులు తల అడ్డంగా ఊపుతాయి. బాకీ పడితే ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు మరి. అందుకని మస్కట్ చెమటతో కట్టిన ఇల్లు బ్యాంకుకు పోతుంది. మొదటి ఖర్చులు, చాలని డబ్బు, విమానం టికెట్ కోసం పొలం మీద బయట అప్పు పుడుతుంది. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. పది లక్షలు తెస్తే నెలకు 20 వేలు మిత్తికే సరి.

బ్యాంకు అప్పు 40 లక్షలు, వడ్డీ 11 శాతం, గడువు పదేళ్లు అనుకుంటే నెల కిస్తీ సుమారు 55 వేలు. చదువు అయ్యేదాకా, ఆ తర్వాత కొన్ని నెలలూ బ్యాంకు కిస్తీ అడగదు. మిత్తి మాత్రం నడుస్తూనే ఉంటుంది. మొత్తం డబ్బు తీసుకున్నాక ఏడాది మిత్తే 4 లక్షల 40 వేలు. కట్టకపోతే అది అసలులో కలిసి కిస్తీ ఇంకా బరువెక్కుతుంది.

పిల్లాడికి అక్కడ ఏడాదికి 80 వేల డాలర్ల కొలువు దొరికితే ఈ అప్పు మూడు నాలుగేళ్లలో తేలిపోతుంది. చెల్లె పెళ్లవుతుంది, ఊళ్లో రెండంతస్తుల ఇల్లు లేస్తుంది. అట్లా లేచిన ఇళ్లు మన కళ్ల ముందే ఉన్నాయి, ఆశ ఉత్తది కాదు. ఇది లెక్కలో మొదటి కాగితం. ఇక రెండో కాగితం కూడా రాసుకోవాలి. ఉద్యోగం దొరక్క తిరిగొచ్చాడనుకోండి. హైదరాబాద్ ఐటీ కంపెనీలో కొత్తగా చేరేవాడికి ఏడాదికి మూడున్నర, నాలుగు లక్షలు. చేతికొచ్చేది నెలకు పాతిక, ముప్పై వేలు. కిస్తీ దానికి దాదాపు రెట్టింపు. మూడెకరాల పంట ఈ లోటు పూడ్చలేదు. పట్నంలోని ఇల్లు దక్కించుకోవడానికి ఊళ్లో భూమి అమ్ముతారు.

మొదటి కాగితం ప్రతి ఇంట్లో ఉంటుంది. చుట్టాలు, కన్సల్టెన్సీలు, స్నేహితులు అందరూ కలిసి రాసిపెడతారు. రెండో కాగితం రాయాల్సింది తల్లిదండ్రులే. పిల్లాడు గెలిస్తే ఏమొస్తుందో అందరికీ తెలుసు. గెలవకపోతే ఇల్లు నిలుస్తుందా అన్నదే తేల్చుకోవాలి.

“పార్ట్‌టైమ్ చేసి నా ఖర్చులు నేనెల్లదీస్త బాపూ” అనే మాటను ఆదాయం కింద రాసుకోవద్దు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలే పని చేయాలి. ఆ పనులు కొన్నే, పోటీపడేవాళ్లు బోలెడు. బయట పెట్రోలు బంకులోనో, హోటల్లోనో చేతికి డబ్బు తీసుకుని పనిచేయడం నిబంధనల ఉల్లంఘన. పట్టుబడితే చదువూ వీసా రెండూ పోతాయి.

ఏజెంటు కుర్చీలో కన్సల్టెన్సీ

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల కూడళ్లలో ఇప్పుడు ఏసీ గదులు, గోడ మీద జెండాలు, నవ్వుతున్న పిల్లల ఫొటోలు. “మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోం” అంటారు. అది నిజమే కావొచ్చు. చాలా యూనివర్సిటీలు విద్యార్థిని పంపినందుకు కన్సల్టెన్సీకే కమీషన్ ఇస్తాయి. అప్పుడు మీ ముందుకొచ్చే జాబితాలో కమీషన్ ఇచ్చే కాలేజీలు పైన, ఇవ్వని మంచి ప్రభుత్వ యూనివర్సిటీలు కింద ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. మంచి సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అయినా ఆ సలహాకు డబ్బు ఎవరు కడుతున్నారో అడిగే హక్కు మనకుంది.

వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇచ్చే ముందు అమెరికా యూనివర్సిటీ బ్యాంకు బ్యాలెన్స్ చూపించమంటుంది. ఈ ఖర్చును ఈ ఇల్లు తట్టుకోగలదా అని అడగడమే దాని ఉద్దేశం. మన దగ్గర దానికి ‘ఫండ్స్ చూపించడం’ అని ఒక దందా పుట్టింది. కమీషన్ ఇస్తే ఎవరి డబ్బో కొన్నాళ్లు మన ఖాతాలో కూర్చుంటుంది, సీఏ సర్టిఫికెట్ వస్తుంది. వీసా ఆఫీసరును దాటేశామని సంబరపడతాం. వాళ్లు అడిగిన ప్రశ్న మన మేలుకే పనికొచ్చేదని తర్వాత తెలుస్తుంది.

మోసం చరిత్ర కూడా మరిచిపోయేంత పాతది కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేసినప్పుడు అందులో పేరు నమోదైన విద్యార్థుల్లో ఎక్కువ మంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించిన ఫొటోలు చూసి ఇక్కడి తల్లులు అన్నం మానేశారు. ఆ సంస్థ పెట్టినామెకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ బయటపడింది. అది అమెరికా ప్రభుత్వమే వల పన్ని పెట్టిన బూటకపు యూనివర్సిటీ. పేరుంది, లోగో ఉంది, వెబ్‌సైట్ ఉంది. పంతులు లేడు, తరగతి లేదు. పిల్లలను చేర్పించినందుకు ఎనిమిది మంది దళారులను అరెస్టు చేశారు. అందులోనూ తెలుగువారే ఎక్కువ. వందకు పైగా విద్యార్థులు పట్టుబడ్డారు.

ఈ రెండు పేర్లూ అమెరికా ప్రభుత్వం ఆమోదించిన సంస్థల జాబితాలో ఉన్నవే. “లిస్టులో ఉంది, మీకెందుకు భయం” అనే భరోసా చాలదని ఇంతకంటే రుజువు ఏం కావాలి? తరగతులు నిజంగా జరుగుతాయా, అక్రెడిటేషన్ ఎవరిది, గత ఏడాది ఇదే కోర్సులో చేరిన మన ప్రాంతం పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఈ మూడూ నేరుగా కనుక్కోవాలి. మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఊరించే కోర్సయితే పది అడుగులు దూరం జరగడం మంచిది.

దేశాలు మారిన తీరు

2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. 2009 తర్వాత చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చింది ఆ ఏడాదే. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి చేరింది. ఆ వెంటనే గాలి తిరిగింది. 2025 మే నెలాఖరులో విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారు. జూన్‌లో మళ్లీ తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. ఆ ఏడాది ఆగస్టు-సెప్టెంబరు చేరికల్లో అమెరికాకు కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థులు అంతకు ముందటి కంటే 17 శాతం తగ్గారు.

చదువు అయ్యాక అక్కడే పనిచేయడానికి ఓపీటీ అనుమతి ఏడాది, సైన్స్, ఇంజినీరింగ్ వారికి మరో రెండేళ్లు. ఆ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటితే వీసా హోదా పోతుంది. తర్వాత హెచ్-1బీ. ఏడాదికి ఉన్నవి 85 వేలు, అందులో 20 వేలు అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి. అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. 2026 నుంచి లాటరీలోనూ పై జీతాలవారికి ఎక్కువ అవకాశం దక్కేలా నిబంధన మార్చారు. గ్రీన్‌కార్డు సంగతి తీయకపోవడమే మేలు. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల మనవాళ్ల వరుస పదేళ్లకు మించి సాగుతోంది. పదేళ్ల కింద పోయిన మేనమామ కొడుకు అనుభవం చెప్పి ఇవాళ్టి పిల్లాణ్ని పంపితే లెక్క తప్పుతుంది.

మిగతా దేశాలూ తలుపు సగం మూశాయి. 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో మామూలు మాస్టర్స్ విద్యార్థులు భార్యాపిల్లలను తీసుకెళ్లే వీలు లేదు. చదువు తర్వాత అక్కడ ఉండే రెండేళ్ల గడువును 2027 జనవరి నుంచి 18 నెలలకు కుదిస్తున్నారు. కెనడా 2024లో వీసాలకు పరిమితి పెట్టి, బతుకు ఖర్చుకు చూపాల్సిన సొమ్మును 10 వేల కెనడా డాలర్ల నుంచి 20,635కు, 2025 సెప్టెంబరులో 22,895కు పెంచింది.

మూడెకరాల ఇంటికి కాస్త అందుబాటులో ఉన్నది జర్మనీ. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు, అంటే సుమారు 12 లక్షల పైచిలుకు, బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి. అది ఫీజు కాదు, నెలనెలా పిల్లాడికే తిరిగొస్తుంది. మన సర్టిఫికెట్లకు ఏపీఎస్ ధ్రువీకరణ తప్పనిసరి. చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. చిక్కంతా భాషతో. ఇంగ్లిష్‌లో డిగ్రీ చేయొచ్చు, ఉద్యోగానికి మాత్రం జర్మన్ రావాలి. బీటెక్ మూడో ఏడాదిలోనే భాష మొదలుపెట్టినవాడికి ఈ దారి పనికొస్తుంది.

డాక్టర్ చదువుకు దేశం దాటాలా?

ఇంజినీరింగ్‌కు అమెరికా ఎట్లాగో, వైద్యానికి కిర్గిజ్‌స్థాన్, జార్జియా, ఫిలిప్పీన్స్, రష్యా అట్లా అయ్యాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు పోలండ్, రొమేనియా సరిహద్దుల దాకా నడిచి, ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగొచ్చినవారిలో మన పిల్లలూ ఉన్నారు. 2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద మూకలు పడ్డాయి.

అంతకంటే పెద్ద గండం తిరిగొచ్చాక ఉంటుంది. విదేశంలో వైద్యం చదివినవారు ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే పాసవ్వాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష రాసినవారిలో చాలా ఏళ్లుగా నలుగురిలో ముగ్గురి దాకా తప్పుతున్నారు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో సాగాలి, ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి, ఇక్కడ మరో ఏడాది చేయాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఇక్కడ ప్రాక్టీసు లేదు.

ఇక్కడ మారిన సంగతి కూడా చూడాలి. 2022కు ముందు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల లేదు, ఉన్న రెండూ ప్రైవేటువే. ఇప్పుడు జగిత్యాల, రామగుండం, కరీంనగర్, సిరిసిల్లల్లో నాలుగున్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో 2008 నాటి రిమ్స్‌కు తోడు మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ కాలేజీలు వచ్చాయి. నీట్‌లో కొద్దిలో సీటు తప్పిన పిల్లకు ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్, ఆరేళ్ల బిష్కెక్ కంటే చవక. రెండుసార్లు రాసినా చాలా దూరంలో ఆగిపోయిన పిల్లకు ఎఫ్ఎంజీఈ కూడా కష్టమేనని తల్లిదండ్రులు ధైర్యంగా ఒప్పుకోవాలి.

ఆదిలాబాద్ దారి వేరు

ఆదిలాబాద్‌కు హైదరాబాద్ కంటే నాగపూర్ దగ్గర. ఆసుపత్రికైనా చదువుకైనా అటు పోయే అలవాటు ఉంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి గూడేల్లో విదేశీ చదువు ఇంకా వినపడని మాటే. పత్తి అమ్మిన డబ్బు మళ్లీ విత్తనానికే సరిపోయే ఇళ్లలో 40 లక్షల అప్పు ఎవరూ ఇవ్వరు, అడగరు కూడా. బాసరలో అక్షరాభ్యాసానికి తెలుగునాడంతా వస్తుంది. అదే బాసరలో 2008 నుంచి నడుస్తున్న ట్రిపుల్ ఐటీ పల్లెటూరి పిల్లలకు పదో తరగతి తర్వాత నేరుగా ఆరేళ్ల చదువు ఇస్తోంది. అలాంటి పిల్లలకు బయటి దేశం దారి చూపేది ప్రభుత్వ సాయమే.

ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి స్కాలర్‌షిప్ ఉన్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపుంటే 20 లక్షల దాకా రెండు విడతలుగా ఇస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. మొదటి విడత అందేది పిల్లాడు అక్కడ దిగిన ఆధారాలు చూపాకే. అంటే వీసాకు చూపే డబ్బు, టికెట్టు, మొదటి ఫీజు ముందు మనమే సర్దాలి. రెండో విడత ఆలస్యమై పిల్లలు ఇబ్బందిపడ్డ సందర్భాలూ ఉన్నాయి. దీన్ని అప్పు తగ్గించే సాయంగా లెక్కేయాలి తప్ప, మొదటి సెమిస్టర్ ఫీజుగా కాదు.

డిగ్రీ ఒక్కటే దారి అనుకోవాల్సిన పనీ లేదు. నర్సింగ్ చేసినవారికి జర్మన్, జపనీస్ నేర్పి ఆ దేశాల్లో కొలువులు ఇప్పించే పని ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ చేస్తోంది. ఉద్యోగం ఖాయమయ్యాకే విమానం ఎక్కడం గల్ఫ్ తరానికి బాగా అర్థమయ్యే పద్ధతి.

ఆడపిల్లల విషయంలో లెక్క మరోలా నడుస్తోంది. “పెండ్లికి దాచిన పైసలు సదువుకు పెడితే రేపెట్ల?” అని ఒక తల్లి అడుగుతుంది. “అమెరికల సదివితే కట్నమే అడగరు” అని పక్కింటామె సర్దిచెబుతుంది. రెండు మాటల్లోనూ పిల్ల చదువు పెళ్లి ఖర్చు కింద జమ అవుతోంది. కొడుక్కి రాసిన రెండు కాగితాలే బిడ్డకూ రాయండి. మార్కులు, కోర్సు, అప్పు, ఉద్యోగం. పెళ్లి వరుస ఆ కాగితం మీదికి రాకూడదు.

గల్ఫ్ ప్రశ్నలే... ఎంఎస్‌కు కూడా

● కఫీల్ ఎవరు? యూనివర్సిటీ ప్రభుత్వానిదా, ప్రైవేటుదా? అక్రెడిటేషన్ ఎవరిచ్చారు? తరగతులు గదిలో జరుగుతాయా, ఆన్‌లైన్‌లోనా?

● పని ఏంది? కోర్సు పేరు బాగుండడం చాలదు. అందులో చెప్పే సబ్జెక్టులు పిల్లాడికి ఇప్పటికే ఎంత వచ్చు? బీటెక్‌లో బ్యాక్‌లాగ్‌లు మోసుకొచ్చినవాడికి అక్కడ కొత్త బుర్ర రాదు.

● జీతం ఎంత? గత రెండేళ్లలో అదే కోర్సు చేసినవారిలో ఎందరికి చదువుకు తగ్గ కొలువు దొరికింది? ముగ్గురు సీనియర్లతో నేరుగా మాట్లాడండి. కన్సల్టెన్సీ ఇచ్చిన నంబర్లు కాకుండా మీరు వెతికిన నంబర్లు కావాలి.

● ఏజెంటుకు ఎంత? కన్సల్టెన్సీకి కమీషన్ ఎవరిస్తున్నారు?

● మిత్తి ఎంత? బ్యాంకుది ఎంత, బయటిది ఎంత? బయటి అప్పు ఒక్క రూపాయి కూడా లేకుండా వెళ్లగలడా?

● వాపస్ వస్తే? టికెట్టుకు, ఆరు నెలల కిస్తీకి డబ్బు పక్కన ఉందా?

పంపండి... కానీ

మూడు రకాల పిల్లలను నిశ్చింతగా పంపొచ్చు. ఫీజు మాఫీ, అసిస్టెంట్‌షిప్ తెచ్చుకున్నవాళ్లు. తమ రంగంలో పేరున్న యూనివర్సిటీలో సీటు సాధించినవాళ్లు. అంతా తలకిందులైనా ఇల్లూ పొలమూ కదలని కుటుంబాల పిల్లలు. ఈ మూడింట్లో ఒక్కటీ లేకుంటే రెండేళ్లు ఆగితే నష్టమేమీ లేదు. హైదరాబాద్‌లోనో, పుణెలోనో ఉద్యోగం చేస్తే చేతిలో అనుభవం ఉంటుంది, ఖాతాలో కొంత సొంత సొమ్ము ఉంటుంది, ఏం చదవాలో తెలుస్తుంది. “తోటోళ్లంత పోయిండ్రు, నేనొక్కన్ని మిగిలిన” అన్న దిగులు మాత్రం అప్పు చేయడానికి కారణం కాకూడదు.

పంపాలని తేలితే, అప్పు మొత్తం ఎంతో పిల్లాడికి రూపాయితో సహా తెలియాలి. “నీకెందుకు బిడ్డా, నువ్వు సదువుకో” అని దాచే తండ్రులు ప్రేమతోనే దాస్తారు. లెక్క తెలియని పిల్లాడు మొదటి ఏడాది కారు కొంటాడు. సగం తెలిసినవాడు భయపడి పెట్రోలు బంకులో దొంగపని చేస్తాడు. మొత్తం తెలిసినవాడు ఏ సెమిస్టర్‌లో ఏం చేయాలో తనే తేల్చుకుంటాడు.

ఇక అన్నిటికంటే కష్టమైనది తిరిగి రావడం. గల్ఫ్ నుంచి ఖాళీ చేతులతో వచ్చినవాణ్ని ఊరు చూసిన చూపు మనకు తెలుసు. ఆ చూపుకు భయపడే చాలామంది వీసా అయిపోయినా ఎడారిలో దాక్కున్నారు. అదే భయం ఇప్పుడు అమెరికాలో పిల్లలను బూటకపు కాలేజీల్లో చేర్పిస్తోంది, దొంగ అనుభవ పత్రాలు కొనిపిస్తోంది. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. కేసు పడితే ఆ దేశం మళ్లీ రానివ్వకపోవచ్చు. అందుకే పంపే ముందే ఒక గడువు మాట్లాడుకోండి. చదువు అయ్యాక ఇన్ని నెలలు చూద్దాం, కుదరకపోతే వచ్చేయ్, ఇక్కడ కలిసి తీరుద్దాం అని చెప్పండి. ఆ మాట నలుగురు చుట్టాల ముందు చెబితే ఇంకా మంచిది. రేపు వాడు తిరిగొస్తే ఆ నలుగురికీ ప్రశ్న ఉండదు.